చల్లటి నేలల షార్డొనే: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండ దంచికొట్టే మన జిల్లాల్లో తెల్ల వైన్ మొదలుపెట్టాలనుకునే వాళ్లకు మేము ముందు చెప్పేది చల్లటి ప్రాంతాల షార్డొనే. దాంట్లో పులుపు నిలిచి ఉంటుంది, చింతపండు పడ్డ వంట పక్కన చప్పబడిపోదు, పేరు మోసిన ఊళ్ల జోలికి పోకపోతే ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కొనడం, ఇంటికి చేర్చడం, చల్లబరచడం, ఏ కూరతో తాగాలన్న దాకా మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్ల కోసం రాసింది కాదు ఇది.

అసలు షార్డొనే అంటే ఏమిటి?

ఒక తెల్ల ద్రాక్ష రకం. ఫ్రాన్స్‌లోని బర్గండీ దాని పుట్టిల్లు. అక్కడి మాకోన్ ప్రాంతంలో షార్డొనే అనే పల్లె కూడా ఉంది. పీనో, గువే బ్లాంక్ అనే రెండు పాత రకాల కలయికతో పుట్టిందని 1999లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. ఈ కాయకు సొంత వాసన తక్కువ. నేల, వాతావరణం, వైన్ చేసే మనిషి ఏది ఇస్తే దాన్నే పట్టుకుంటుంది. షార్డొనే నచ్చలేదు అనే చాలామంది తాగింది వేడి ప్రాంతంలో పండి, చెక్క వాసన దట్టంగా పట్టించిన ఒక్క తరహానే. చల్లటి ప్రాంతపు సీసా తీసి చూస్తే అది వేరే ద్రాక్షేమో అనిపిస్తుంది.

చల్లటి ప్రాంతం అని దేన్ని అంటారు? చలికి కాయలో ఏం మారుతుంది?

ద్రాక్ష తీగ చిగురు వేసినప్పటి నుంచి కోత దాకా, ఉత్తరార్ధగోళంలో అయితే ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు, సగటు ఉష్ణోగ్రత 13 నుంచి 15 డిగ్రీలుంటే చల్లటి ప్రాంతమని, 15 నుంచి 17 ఉంటే మధ్యస్థమని ఒక లెక్క. మన దగ్గర జనవరి సగటే 20 దాటుతుంది.

కాయ పండేటప్పుడు చక్కెర పెరుగుతూ, పులుపు తగ్గుతూ వస్తుంది. ద్రాక్ష పులుపులో ముఖ్యమైనవి రెండు: చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం, పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం. ఎండ ముదిరితే కాయ తన శ్వాసక్రియకు మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రిళ్లు కూడా వెచ్చగా ఉంటే ఆ ఖర్చు ఆగదు. చల్లటి చోట ఆ ఆమ్లం మిగులుతుంది. చక్కెర నింపాదిగా చేరుతుంది కాబట్టి వాసనలు పక్వానికి రావడానికి వ్యవధి దొరుకుతుంది. చివరికి సీసాలోకి వచ్చే వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 13 శాతం, ఆమ్లం లీటరుకు 6 నుంచి 8 గ్రాముల దాకా ఉంటుంది. వేడి ప్రాంతాల్లో ఆల్కహాల్ 14 శాతానికి పోతుంది, తగ్గిన పులుపును విడిగా కలపాల్సి వస్తుంది. అలా కలిపిన పులుపు ఒక్కోసారి వైన్‌లో ఇమడకుండా నాలుక మీద విడిగా తగులుతుంది.

చల్లదనం భూమధ్యరేఖకు దూరంగా ఉన్నంత మాత్రాన వచ్చేది కాదు. బర్గండీ ఉత్తర కొసనున్న షబ్లీ దాదాపు 48 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, దాని చలి అక్కడి నుంచి వచ్చిందే. చిలీలోని లిమారీ లోయ మాత్రం 30 డిగ్రీల దక్షిణ అక్షాంశంలోనే ఉన్నా, పసిఫిక్ తీరం వెంట పారే హంబోల్ట్ శీతల ప్రవాహం, పొద్దున్నే లోయలోకి దూరే సముద్రపు పొగమంచు దాన్ని చల్లబరుస్తాయి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ హిల్స్‌ను చల్లబరిచేది ఎత్తు.

ఈ చలికి రైతు కట్టే మూల్యమూ ఉంది. చిగురు వేశాక మంచు పడితే ఆ ఏడాది పంట పోయినట్టే. 2021 ఏప్రిల్‌లో షబ్లీకి అదే జరిగింది. అక్కడి రైతులు రాత్రంతా తోటల్లో పెద్ద మైనపు డబ్బాలు వెలిగిస్తారు, లేదా తీగల మీద నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడిచే వేడి చిగురును సున్నా డిగ్రీల దగ్గర కాపాడుతుంది. చల్లడం మధ్యలో ఆగితే మాత్రం అసలు చల్లకపోయిన దానికంటే ఎక్కువ నష్టం.

తియ్యగా ఉంటుందా?

ఉండదు. చక్కెర అంతా పులిసిపోతుంది, లీటరుకు సాధారణంగా 4 గ్రాముల లోపే మిగులుతుంది. తియ్యటి వైన్ అలవాటున్న వాళ్లకు మొదటి గుక్క పుల్లగా తగులుతుంది. ఉప్పు చల్లిన పల్లికాయ నోట్లో వేసుకుని రెండో గుక్క తాగండి, పులుపు సర్దుకుంటుంది.

రుచి ఎట్లా ఉంటుంది?

పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క, బత్తాయి, కొద్దిగా తడి సున్నపురాయి వాసన. బత్తాయి తోటల నల్లగొండ వాళ్లకు, నకిరేకల్ నిమ్మ మార్కెట్ చూసిన వాళ్లకు ఈ వాసనలు విడిగా నేర్చుకోవాల్సిన పని లేదు. కాస్త వెచ్చటి చోట పీచ్ పండు వైపు, బాగా వేడి చోట అనాస, మామిడి వైపు జరుగుతుంది. గ్లాసులో మామిడి పండు వాసన ముందుగా వచ్చిందంటే అది చల్లటి ప్రాంతపుది కాకపోవచ్చు.

కొన్నింటిలో వెన్న వాసన, చెక్క వాసన ఎందుకు వస్తుంది?

రెండూ వేర్వేరు పనుల వల్ల వస్తాయి. వెన్న వాసన బాక్టీరియా పని. మొదటి పులియబెట్టడం అయ్యాక ఈనోకాకస్ ఈని అనే బాక్టీరియా పదునైన మాలిక్ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగులో ఉండే ఆమ్లం ఇదే. ఆ మార్పులో డయాసిటైల్ అనే పదార్థం పుట్టి వెన్న వాసన ఇస్తుంది. పులుపు మరీ ఎక్కువుండే చల్లటి ప్రాంతాల్లో ఈ మార్పు అవసరమే. షబ్లీలో కూడా చేస్తారు. ఈస్ట్ మడ్డి మీద వైన్‌ను ఇంకొన్నాళ్లు ఉంచితే ఆ ఈస్ట్ డయాసిటైల్‌ను చాలావరకు తినేస్తుంది, అందుకే అక్కడి వైన్‌లో వెన్న వాసన ముక్కుకు కొట్టదు.

చెక్క వాసన ఓక్ పీపాలది. బర్గండీ పీపా 228 లీటర్లు పడుతుంది, అంటే సుమారు 300 సీసాలు. కొత్త ఫ్రెంచ్ పీపా వందల యూరోలు పలుకుతుంది, రెండు మూడేళ్లలో వాసన ఇవ్వడం తగ్గిపోతుంది. ఆ ఖర్చంతా సీసా ధరలో కలుస్తుంది. చౌక వైన్‌లో చెక్క వాసన ఘాటుగా ఉంటే అది పీపాది కాదు, స్టీలు ట్యాంకులో చెక్క ముక్కలో పలకలో వేసి తెచ్చిన వాసన. నేరమేమీ కాదు. కానీ కొబ్బరి, వనిల్లా వాసన ఒకవైపు, పల్చటి వైన్ ఒకవైపు విడిపోయి కనిపిస్తాయి. తక్కువ బడ్జెట్‌లో కొనేవాళ్లు చెక్క తగలని సీసాలు ఎంచుకోవాలని మా గట్టి అభిప్రాయం. స్టీలు ట్యాంకులో చేసిన వైన్‌కు కాయే దిక్కు, దాని లోపాలను కప్పే వాసన వేరే ఉండదు.

పెట్టిన డబ్బుకు తగినవి ఏ ప్రాంతాలవి?

సూత్రం ఒక్కటే: పేరున్న ఊరు కాదు, దాని పక్క ఊరు.

షబ్లీలో గ్రాండ్ క్రూ, ప్రీమియర్ క్రూ అని రాసినవి ఖరీదైనవి. మామూలు షబ్లీ, ఇంకా తక్కువకు పెటీ షబ్లీ ఉన్నాయి. పెటీ షబ్లీ తోటలు ఎక్కువగా గుట్టల పైభాగంలో, చల్లగాలి తగిలే చోట ఉంటాయి. ఏడాది రెండేళ్లలో తాగేయాల్సిన వైన్. 1923లో మొదలైన లా షబ్లీసియెన్ అనే రైతుల సహకార సంఘం సీసాలు ఈ వర్గంలో నమ్మదగినవి.

బర్గండీ దక్షిణ కొస మాకోన్ కొంచెం వెచ్చన, మధ్యస్థ వాతావరణం. అక్కడ పేరు పూయీ ఫ్యూసేది, ధర కూడా దానిదే. దానికి రెండు వైపులా ఆనుకుని ఉన్న సాన్ వెరాన్, కొంచెం ఉత్తరాన ఉన్న వీరే క్లెస్సే, ఇంకా మాకోన్ విలాజ్ అదే తరహా సున్నపు నేలల వైన్‌ను తక్కువకు ఇస్తాయి. మొదటిసారి కొనేవాళ్లకు షబ్లీ కంటే మాకోన్ సులువు, పులుపు అంత పదునుగా ఉండదు.

చిలీలో లిమారీ, కాసాబ్లాంకా, లెయ్డా (Leyda) అనే మూడు లోయల సీసాలు చూడండి. లిమారీ నేలలో సున్నం ఉంది, వైన్‌లో ఉప్పుతనం లాంటి ముగింపు వస్తుంది. తబాలీ అక్కడి మంచి ఉత్పత్తిదారు. ధరకు నాణ్యత తూచి చూస్తే మా మొదటి ఓటు లిమారీకే. దక్షిణాఫ్రికాలో ఎల్గిన్ చూడండి. ఆపిల్ తోటలకు పేరుపడ్డ పీఠభూమి అది, ఆపిల్‌కు సరిపడే చలి షార్డొనేకు కూడా సరిపోయింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని లిమూ కూడా బాగుంటుంది. అక్కడి అప్పెలాసియోన్ (ఊరి పేరు పెట్టుకోవడానికి చట్టం ఇచ్చే గుర్తింపు) తెల్ల వైన్‌ను చెక్క పీపాల్లోనే పులియబెట్టాలన్న నియమం ఉంది కాబట్టి చెక్క వద్దనుకునేవాళ్లు దాటేయొచ్చు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా, అమెరికాలోని ఒరెగాన్ అద్భుతమైనవే, చవకైనవి మాత్రం కావు.

లేబుల్ మీద ఏం చూడాలి?

ముందు ప్రాంతం పేరు ఎంత చిన్న చోటుదో చూడండి. సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా అని ఉంటే అది అనేక రాష్ట్రాలను కలిపిన పేరు, అందులో కాయ ఎక్కువగా వేడి మైదానాలది. సెంట్రల్ వ్యాలీ అన్న చిలీ సీసా, వెస్టర్న్ కేప్ అన్న దక్షిణాఫ్రికా సీసా కూడా ఏ లోయదో చెప్పవు. చిలీ సీసా మీద కోస్టా అని ఉంటే తీరప్రాంతపు కాయ అని అర్థం.

రెండోది ఆల్కహాల్. 13.5 శాతం దాటితే చల్లటి ప్రాంతమన్న మాటను అనుమానించండి. అన్‌ఓక్డ్ అంటే చెక్క తగలనిది. ఫ్రెంచ్‌లో ఫూ ద షేన్ అని ఉంటే ఓక్ పీపాల్లో ఉంచినది.

మూడోది కోత సంవత్సరం. దక్షిణార్ధగోళంలో కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, ఫ్రాన్స్‌లో సెప్టెంబర్ చుట్టూ. ఒకే సంవత్సరం ముద్ర ఉన్నా చిలీ వైన్ ఆరు నెలలు పెద్దది. ఈ ధరలో వాటిని కోత నుంచి మూడేళ్ల లోపు కొనండి. షాపులో షెల్ఫు మీద దుమ్ము పట్టిన సీసా తగ్గింపుకు వచ్చినా ముట్టుకోవద్దు. మన వేసవులు అది ఎన్ని చూసిందో ఎవరూ చెప్పలేరు.

ధర ఎందుకంత ఎక్కువ?

విదేశీ వైన్ మీద మామూలు కస్టమ్స్ సుంకం 150 శాతం. ఓడరేవుకు రూ. 500కు చేరిన సీసా సుంకంతో రూ. 1,250 అవుతుంది. రాష్ట్ర పన్నులు, టోకు, చిల్లర లాభాలు దాని మీద. ఒప్పందాలున్న దేశాలకు సుంకం తగ్గుతోంది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది. దిగుమతి ధర 5 అమెరికా డాలర్లు దాటిన సీసాకు సుంకం మొదట 100 శాతానికి తగ్గింది, పదేళ్లలో 50కి దిగుతుంది. 15 డాలర్లు దాటిన సీసాకు 75 నుంచి 25కి. 5 డాలర్ల లోపు సీసాకు తగ్గింపు లేదు. కాబట్టి ఆస్ట్రేలియా షార్డొనే కొంటే అట్టడుగు ధరది వదిలి ఒక మెట్టు పైకి వెళ్లడమే లాభం. గాజు సీసా, మూత, ఓడ కిరాయి చౌక వైన్‌కు, మంచి వైన్‌కు దాదాపు ఒకటే. ఆ ఒక్క మెట్టులో పెరిగే డబ్బు ఎక్కువగా లోపలి వైన్ మీదికే పోతుంది.

మా ఊరి వైన్స్‌లో దొరుకుతుందా?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైన్స్‌లలో విస్కీ, బీరు ముందు వరుస. షార్డొనే దొరకడం అరుదు. రాష్ట్రంలో మద్యం బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల ద్వారానే షాపులకు వస్తుంది కాబట్టి, అక్కడ నమోదై ఉన్న రకమైతేనే షాపతను ఇండెంట్ పెట్టి తెప్పించగలడు. పేరు చెప్పి అడిగి చూడండి. హైదరాబాద్‌లోని పెద్ద దుకాణాలకు వెళ్తే ఎంచుకోవడానికి నాలుగు రకాలుంటాయి. విదేశాల నుంచి శంషాబాద్‌లో దిగే బంధువులుంటే, ఒక్కో పెద్దమనిషి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం తేవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఆ లెక్కలో పడతాయి. వేరే రాష్ట్రం నుంచి కార్లో తేవడం వద్దు, ఎక్సైజ్ కేసవుతుంది.

హైదరాబాద్ నుంచి తెచ్చేటప్పుడు ఏం జాగ్రత్త?

మంచి సీసాలు మన దగ్గర పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఎండలో ఆపిన కారు డిక్కీ 60 డిగ్రీలకు పోగలదు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, చల్లారాక గాలి లోపలికి లాక్కుంటుంది, అక్కడి నుంచి ఆక్సీకరణ మొదలవుతుంది. తాజా నిమ్మ వాసన పోయి ఉడికిన ఆపిల్ వాసన వస్తుంది. పులుపు అంకెల్లో మారకపోయినా, మీరు డబ్బు పెట్టిన తాజాదనం పోతుంది.

మార్చి నుంచి జూన్ దాకా కొనడమే తగ్గించండి. తప్పదంటే చేపలు తెచ్చే థర్మాకోల్ పెట్టె, అడుగున గడ్డకట్టించిన రెండు నీళ్ల సీసాలు, వాటి మీద మందపాటి తువ్వాలు, దాని మీద వైన్. పెట్టె ఏసీ తగిలే సీట్ల దగ్గర పెట్టండి, డిక్కీలో వద్దు. వైన్ కొనడం నగరంలో చివరి పనిగా పెట్టుకుని, పొద్దు గూకాక బయల్దేరండి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

వైన్‌కు సరైనది 12 నుంచి 15 డిగ్రీలు. మన ఇళ్లలో అది డిసెంబర్, జనవరి రాత్రుల్లో తప్ప ఉండదు. కాబట్టి ఫ్రిజ్ కింది అర. అక్కడ 4 డిగ్రీలుండి కొంచెం ఎక్కువ చలే, అయినా నాలుగైదు నెలలకు వచ్చే నష్టం ఏమీ లేదు. బిరడా సీసా పడుకోబెట్టండి, మర మూతది ఎట్లా పెట్టినా సరే. తలుపు అరలో వద్దు, తీసిన ప్రతిసారీ కుదుపు, వేడిగాలి. బీరువా, అటక, పూజగది పక్క చీకటి గది ఏదీ మే నెలలో ఫ్రిజ్‌కు సాటి రాదు.

ఎంత చల్లగా తాగాలి? ఐస్ వేసుకోవచ్చా?

చెక్క తగలనిది 8 నుంచి 10 డిగ్రీలు, చెక్కలో ఉంచినది 10 నుంచి 13. ఫ్రిజ్‌లోంచి తీయగానే 4 డిగ్రీలుంటుంది, వాసన మూసుకుపోయి పులుపు ఒక్కటే తెలుస్తుంది. ఏసీ గదిలో 15 నిమిషాలు బయట ఉంచండి, ఏసీ లేని వేసవి గదిలో 5 నిమిషాలు చాలు.

గది వేడిలో ఉన్న సీసాను త్వరగా చల్లబరచాలంటే బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు. సీసా మెడ దాకా మునగాలి. 20 నిమిషాలు. నీళ్లు లేకుండా ఉత్త ఐస్‌లో గుచ్చితే గాలి సందుల వల్ల రెట్టింపు సమయం పడుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే అరగంటకు అలారం పెట్టుకోండి. మరిచిపోతే వైన్ గడ్డకట్టి బిరడాను తోసేస్తుంది, కొన్నిసార్లు సీసా పగులుతుంది.

గ్లాసులో ఐస్ వేస్తే కరిగిన నీళ్లు రుచిని పల్చన చేస్తాయి. దానికి బదులు ఒక్కోసారి 75 మిల్లీలీటర్లే పోసుకుని సీసాను బకెట్‌లో ఉంచండి.

మన వంటల్లో దేనితో కుదురుతుంది?

పులుపున్న వంట పక్కన పులుపు తక్కువ వైన్ చప్పగా అయిపోతుంది. చల్లటి ప్రాంతపు షార్డొనే నిలబడుతుంది. పచ్చి పులుసు, పప్పు, నెయ్యి వేసిన అన్నం భోజనంలో షబ్లీ బాగుంటుంది, పచ్చిమిర్చి సగానికి తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. నూనెలో వేగినవన్నీ దీనికి చుట్టాలే: మక్క గారెలు, సకినాలు, సర్వపిండి. పులుపు నోట్లో నూనె జిడ్డును కోసేస్తుంది.

అన్నిటికంటే మేలైన జోడీ చేప. జూరాల, నాగార్జునసాగర్ చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసం, మిరియాల పొడితో వేయించి లిమారీ షార్డొనేతో తినండి. కొర్రమీను పులుసుకు కారం ఎక్కువ కాబట్టి కొంచెం పండు గుణం ఉన్న మాకోన్ నప్పుతుంది. కొబ్బరిపాలతో వండిన రొయ్యలకు, నెయ్యి ఎక్కువ పడ్డ బగారా అన్నానికి తేలికగా చెక్క తగిలిన సీసా తీయండి.

నాటుకోడి, తలకాయ కూర, బోటితో వద్దు. ఎండుమిర్చి మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది, ఆ మంటలో చెక్క వాసన చేదుగా మారుతుంది. వైన్ తప్పు కాదది, కూర తప్పూ కాదు. ఆవకాయ, మామిడి పండు, మిఠాయిలతో కూడా కుదరదు.

శాకాహారులు తాగవచ్చా?

వైన్‌ను తేటపరచడానికి కొందరు బెంటొనైట్ మట్టి వాడతారు, కొందరు పాల ప్రొటీన్, గుడ్డు తెల్లసొన, చేప తిత్తి జిగురు వాడతారు. ఇవి అడుగుకు దిగిపోయాక వైన్‌ను వేరుచేస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు వీగన్ అని రాసిన సీసానే కొనండి.

అడుగున గాజు పెంకుల్లాంటి పలుకులున్నాయి. కల్తీయా?

కాదు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణం. చలికి వైన్‌లోంచి విడిపోయి స్ఫటికాలవుతుంది. హాని లేదు. సీసాను గంటసేపు నిలబెట్టి, కదపకుండా పోసి, చివరి గుక్కెడు వదిలేయండి.

చెడిపోయిందని ఎట్లా తెలుస్తుంది?

తడిసిన అట్టపెట్టె, మూసి ఉంచిన నేలమాళిగ వాసన వస్తే బిరడాకు టీసీఏ అనే పదార్థం పట్టింది. గాలి తగిలినా పోదు, పారబోయాల్సిందే. రంగు గోధుమ వైపు తిరిగి ఉడికిన ఆపిల్ వాసన వస్తే వేడి తగిలింది. బిరడా సీసా మూతి కంటే పైకి ఉబ్బి, రేకు కింద జిగట కారి ఉంటే కొనేటప్పుడే వదిలేయండి. మర మూత సీసాలో అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే భయపడొద్దు, గ్లాసులో పది నిమిషాలు తిప్పితే ఎక్కువగా పోతుంది. మనలాంటి వేడి జిల్లాలకు మర మూతే మేలు, బిరడా గోల లేదు.

మన దేశపు షార్డొనే సంగతి? నల్లగొండలో పండించవచ్చా?

మహారాష్ట్రలోని అక్లూజ్‌లో ఫ్రాటెల్లి షార్డొనే చేస్తోంది. తాగదగినదే, విదేశీ సుంకమూ లేదు. కానీ చల్లటి ప్రాంతపుది కాదు. మన వాతావరణంలో తీగ చలికాలం నిద్రపోదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి కొమ్మలు కత్తిరించి, చలి నెలల్లో కాయ పెరిగేట్టు చేసి, వేసవి ముదరకముందే కోస్తారు. నల్లగొండలో తీగ బతుకుతుంది, కాయ కూడా కాస్తుంది. కాయ పండే ఫిబ్రవరి, మార్చిలోనే ఎండలు మొదలై మాలిక్ ఆమ్లం కరిగిపోతుంది. పెట్టుబడి పెట్టేముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి.

ఒక సీసాలో ఎంత ఆల్కహాల్ ఉంటుంది?

12.5 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 74 గ్రాముల శుద్ధ ఆల్కహాల్. 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు, గ్లాసుకు 15 గ్రాములు. కల్లు, బీరు అలవాటులో గటగటా తాగితే తేడా గంటలోనే తెలుస్తుంది. పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. గర్భిణులు, కాలేయ జబ్బున్నవాళ్లు, మందులు వాడేవాళ్లు తాగొద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. ఆ గీతకు ఒకటి రెండు గ్లాసులు చాలు.

తెరిచాక ఎన్ని రోజులు ఉంటుంది?

మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు రోజులు, పులుపు బాగా ఉన్న షబ్లీ లాంటిదైతే ఐదు. పాడుచేసేది సీసాలోని ఖాళీ గాలి. సగమే తాగుతామని ముందే తెలిస్తే, 375 మిల్లీలీటర్ల చిన్న సీసా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టుకోండి. పెద్ద సీసా తెరిచిన వెంటనే దాన్ని అంచు దాకా నింపి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వారం దాకా బాగుంటుంది. వాసన తగ్గి పులుపు మిగిలిన వైన్‌ను చేప వేయించిన పెనంలో అరకప్పు పోసి, సగం అయ్యేదాకా మరిగించి, చెంచా వెన్న కలిపి చేప మీద పోసుకోండి.